తొమ్మిదో చప్పుడు

మా బాపు లెక్కపెట్టడు. లెక్కలు రాక కాదు. కల్లంలో మక్కలు బస్తాలకెత్తేటప్పుడు బస్తా మూతి పట్టుకుని నిలబడతాడు గానీ, ఎన్ని బస్తాలయ్యాయో అవ్వే, అంటే మా అమ్మే, చూసుకోవాలి. పెళ్ళికి పోదామని ఆటో మాట్లాడితే, ఎంతమందిమని ఆటోవాడు అడుగుతాడు. "మా ఇంటిదాన్నడుగు" అని బాపు పక్కకు తిరుగుతాడు. కొత్తవాళ్ళకు ఇది తిక్కలా కనిపిస్తుంది. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం నుంచీ ఇంతే. అంతకుముందు సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ళలో మా బాపంత గొంతెత్తి లెక్కపెట్టే మనిషి లేడు. ఆయన అన్నం తిన్నదే ఆ లెక్కమీద.

బాపు బావులు తవ్వే మేస్త్రి. మా దిక్కు నేల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పైన మూరెడో బారెడో మట్టి, దానికింద మొరం, ఆ కింద రాయి. మట్టి పారకు వస్తుంది, మొరం గడ్డపారకు వస్తుంది, రాయి మాత్రం మందు పెడితేనే వస్తుంది. బావి అడుగున బండకు బొక్కలు కొట్టి, మందు కూరి, వత్తులు పెట్టి, అందరూ పైకెక్కి దూరం పోయేవారు. ఒకడు ఎర్రగుడ్డ ఊపుతూ "జరుగున్రి, జరుగున్రి" అని బర్లకాపర్లను తరిమేవాడు. బాపు తవ్విపోసిన మట్టిదిబ్బ మీద చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు.

వత్తులన్నీ కొంచెం ముందూ వెనకగా అంటుకునేవి. ఒకదాని వెనక ఒకటి పేలుతుంటే బాపు పైకి లెక్కపెట్టేవాడు. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు కదా, లాభం అంటారు. బాపు బావి దగ్గరా అదే పద్ధతి పెట్టాడు. "లాభం! రెండు! మూడు!" ఎన్ని బొక్కల్లో మందు కూరారో అన్ని పేలితేనే "దిగున్రి" అనేవాడు. ఒక్కటి తగ్గిందా, ఇక ఆ రోజుకు ఎవరూ దిగకూడదు. ఆసామి వచ్చి నెత్తీనోరూ కొట్టుకున్నా సరే, మర్నాడు పొద్దెక్కాకే పని. లెక్క పెట్టేది బాపొక్కడే. పక్కన ఇంకెవరైనా పెదవులు కదిపితే కసురుకునేవాడు.

"లెక్క ఒక్కడే పెట్టాలె. ఇద్దరు పెడితే కొట్లాట, ముగ్గురు పెడితే బజారు."

సెలవుల్లో అవ్వ, నేను సద్ది తీసుకుని పోయేవాళ్ళం. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నోట్లో ఎల్లిపాయ కారం రుచి తగులుతుంది. ఎండిన వాగు, తంగేడు పూలు, రాతిపొడితో తెల్లబడ్డ బాపు కనుబొమ్మలు. పేలుళ్ళప్పుడు నాకు ఒక సంగతి వింతగా ఉండేది. ముందు నేను కూర్చున్న బండ కింద నుంచి ఒక గుద్దు తగిలేది, ఆ తర్వాతే చెవికి చప్పుడు వచ్చేది. ఎందుకట్ల అని అడిగితే బాపు నవ్వాడు. "నేల దగ్గరి చుట్టం బిడ్డా, ముందుగాల చెప్తది. గాలికి తాపీ ఎక్కువ" అన్నాడు. ఆ మాటతోనే నాకు తర్వాత బతుకుదెరువు దొరుకుతుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

బాపు ముఠాలో మా మామ కూడా ఉండేవాడు. అవ్వకు తమ్ముడు. తాళ్ళెక్కడం ఆయన అసలు పని. పొద్దునా సాయంత్రం చెట్లెక్కి కల్లు దించేవాడు, నడుమ ఖాళీ ఉంటుందని ఎండాకాలం బావి పనికి వచ్చేవాడు. మోకు భుజాన వేసుకుని మామ నడిచి వస్తుంటే ఊరంతా తనదే అన్నట్టుండేది.

నేను పదో తరగతి రాసిన ఆ ఎండాకాలం దౌల్తాబాద్ దిక్కున ఒక గుట్ట పక్కన బావి ఒప్పుకున్నారు. బాపు అప్పటిదాకా తవ్వినవన్నీ మైదానంలో బావులే, గుట్ట నీడలో అదే మొదటిది. ఆ రోజు తొమ్మిది బొక్కలు కూరారు. బాపు తొమ్మిది లెక్కపెట్టి "దిగున్రి" అన్నాడు. మొదట దిగింది మామ. రాళ్ళకుప్పలో గడ్డపార దించాడు, పేలకుండా మిగిలిపోయిన ఒకటి అప్పుడు పేలింది. మామ బతికాడు. ఎడమ చేతికి బొటనవేలు తప్ప ఏమీ మిగల్లేదు. ఒంటి చేత్తో తాడిచెట్టు ఎక్కేవాడు లోకంలో లేడు.

దవాఖాన బయట బాపు ఒకటే మాట అన్నాడట. "నేను తొమ్మిది ఇన్న." నెలరోజులు కనిపించిన ప్రతివాడితో అదే. ఊరు ఊరుకుంటుందా, నోరున్న ప్రతివాడూ తీర్పరే. ఆ రోజు మేస్త్రి తాగి ఉన్నాడన్నారు, నిద్రపోయాడన్నారు, డబ్బాశకు తొందరపడ్డాడన్నారు. బాపు కల్లు ముట్టే మనిషే కాదు. నెల తర్వాత ఆయన ఆ మాట కూడా మానేశాడు. సమ్మెట తెచ్చి కొట్టం మూలన పెట్టాడు. ఆ తర్వాత ఆ నోటి నుంచి అంకె బయటికి రాలేదు.

మధ్యలో నలిగింది అవ్వ. ఇటు మొగుడు, అటు తమ్ముడు. మామ ఏనాడూ బాపును ఒక్క మాట అనలేదు. మాకది దేవుడిచ్చిన మంచితనంలా అనిపించేది. ప్రతి దసరాకూ జమ్మి పట్టుకుని వచ్చేవాడు. బాపు ఆయన కుడిచేతిలో జమ్మి ఆకు పెట్టి, కళ్ళు కిందికి దించుకుని లోపలికి పోయేవాడు. ఎడమచేయి వైపు చూడగా నేను ఒక్కసారి కూడా ఎరగను. తర్వాత మామ ప్రజ్ఞాపూర్ కూడలిలో చిన్న చాయ్ హోటల్ పెట్టుకున్నాడు. బాపు ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో పోయినా అక్కడ దిగి చాయ్ తాగింది లేదు.

ఇక నా సంగతి. చదువుకుని చదువుకుని, హైదరాబాదులో సముద్రం అడుగును పరిశీలించే ఉద్యోగంలో తేలాను. సిద్దిపేట పిల్లకు సముద్రం ఎక్కడిది! మా వాడకట్టులో చాలాకాలం నేను చేపల దఫ్తర్‌లో ఉన్నాననే అనుకున్నారు. ఒక పెద్దమ్మ అయితే ఎండుచేపలు తెమ్మని చెప్పి పంపింది. మామ ఒక్కడే కుదురుగా అడిగాడు.

"బిడ్డా, సముద్రంల గూడ బాయి తవ్వుతున్నరా?"

"తవ్వం మామా. పైనుంచి సప్పుడు చేసి, కింద రాయి ఎంత మందం ఉందో లెక్క కడ్తం."

"గట్లయితె మీ బాపు పనే గద."

నిజంగానే బాపు పనే. ఓడ వెనక ఇనప తుపాకులు కట్టి లాగుతాం. వాటిలో మందు ఉండదు, గట్టిగా కుక్కిన గాలి ఉంటుంది. నిమిషానికోసారి ఆ గాలిని నీళ్ళలో దభీమని వదులుతాయి. అంతకుముందే సముద్రం అడుగున దూరం దూరంగా పెట్టెలు దించి ఉంచుతాం. ఒక్కో పెట్టెలో నేల అదురును పట్టేది ఒకటి, నీటి చప్పుడును పట్టేది ఒకటి ఉంటాయి. నేను వాటిని కాలు, చెవి అనుకుంటాను.

చప్పుడు నీళ్ళు దాటి అడుగున రాతిలోకి దిగుతుంది. ఎంత లోతుకు పోతే అంత గట్టి రాయి, అంత వేగం. మా ఊరి నుంచి పక్క ఊరికి పోయేవాడు డొంకదారిన పోతాడు. హైదరాబాద్ పోయేవాడు మాత్రం ముందు వెనక్కి పోయినా సరే హైవే ఎక్కుతాడు, దారి ఎక్కువైనా వాడే ముందు చేరతాడు. చప్పుడూ అంతే. దగ్గరి పెట్టెకు పైపైన వచ్చింది ముందు చేరుతుంది. దూరపు పెట్టెకు, లోతుకు దిగి గట్టి రాతి వెంట పరుగెత్తి వంగి పైకి వచ్చింది ముందు చేరుతుంది. ఎంత దూరంలో ఏది ముందు వచ్చిందో చూసుకుంటే, ఒక్క బొక్క కొట్టకుండా సముద్రం కింది నేల పెంకు ఎంత మందమో తెలుస్తుంది. పైన బురద, కింద నల్లరాయి, దాని కింద ఇంకా గట్టిది. మట్టి, మొరం, రాయి.

మొదటిసారి ఓడ ఎక్కింది బంగాళాఖాతంలో. మూడు రోజులు కక్కుకున్నాను, నాలుగో రోజు నుంచి పనిలో పడ్డాను. పెట్టెలు పైకి తెచ్చాక వాటిలో ఉన్నది తెరమీద గీతలు గీతలుగా కనిపిస్తుంది. ప్రతి గీతలో చప్పుడు మొదట తాకిన చోట గుర్తు పెట్టాలి, అదే నా పని. చివరి పెట్టెలో, చాలా దూరం నుంచి వచ్చిన గీతల్లో, నాకు ఒక చక్కటి వరుస దొరికింది. ఉండాల్సిన దానికంటే ముందే వచ్చి కూర్చుంది. పది రోజులు కళ్ళు మండేదాకా గుర్తులు పెట్టాను. లెక్క కడితే అక్కడ పెంకు మిగతా చోట్ల ఉన్నదాంట్లో సగమే అని తేలింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పుడే వ్యాసానికి పేరు కూడా ఆలోచించుకున్నాను.

మా పెద్ద మేడం రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. మాటలు తక్కువ. నా వెనక నిలబడి తెరను చూసింది.

"ఇది ఈ పేలుడుది కాదమ్మా" అంది. "దీనికి ముందు పేలిందానిది. అది నీళ్ళలో పొర్లుకుంటూ ఆలస్యంగా వచ్చి, దీని లెక్కలో కూర్చుంది. నువ్వు నీటి చప్పుడే చూశావు. నేల ఏం చెప్పిందో చూశావా?"

నేల అదురును పట్టిన గీతలు తెరిచాను. అక్కడ నా చక్కటి వరుస ఉండీ లేనట్టుంది. దాని తర్వాత, సన్నగా, అసలుది ఉంది. అది పెంకు మామూలు మందమే చెప్పింది.

నాకు మొదట సిగ్గు రాలేదు. గుట్ట గుర్తొచ్చింది. తొమ్మిది వత్తులు. ఒక్కొక్కటి పేలినప్పుడల్లా గుట్ట దాన్ని తిరిగి పలికే ఉంటుంది. కానీ వెనకే ఇంకోటి పేలుతుంటే ఆ మారుచప్పుడు అందులో కలిసిపోతుంది. చివరిదాని వెనక పేలేది ఏమీ లేదు, కాబట్టి గుట్ట పలికింది ఒక్కటే విడిగా వినిపించి ఉంటుంది. ఎనిమిది పేలాయి, తొమ్మిదోది గుట్ట ఇచ్చింది. బాపు తాగలేదు, నిద్రపోలేదు, తొందరపడలేదు. అబద్ధం కూడా చెప్పలేదు. ఆయన నిజంగానే తొమ్మిది విన్నాడు.

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. పది రోజుల పని పోయిందని ఏడుస్తున్నాననుకుని మేడం పాపం చాయ్ తెప్పించింది.

ఓడ దిగి హైదరాబాదు చేరిన మర్నాడే సిద్దిపేట బస్సెక్కాను. బాపుకు చెప్పేముందు మామకు చెబుదామని ప్రజ్ఞాపూర్‌లో దిగిపోయాను. ఆయనే "బావ తప్పు లేదు" అంటే బాపు గుండె మీద బరువు దిగుతుందని నా తెలివి. మిట్టమధ్యాహ్నం, హోటల్లో ఎవరూ లేరు. బిస్కెట్ల సీసాను గుట్టగా, చాయ్ గిలాసను బావిగా పెట్టి మొత్తం చెప్పాను. మామ ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన భుజం మీది తువ్వాలతో తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు.

"ఎనిమిదే అని నాకెర్కనే బిడ్డా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"గా దినం నేను గుట్ట దిక్కు లేను. ఇవతల పరుపుబండ మీద చెప్పులిడిచి కూసున్న. కింద ఎనిమిది సార్లె గుద్దింది. బావ మెత్తటి దిబ్బ మీదుండె, తొమ్మిదన్నడు."

"మరి చెప్పొద్దా మామా?"

"బావ అన్నంక నాదేం లెక్క? ఇద్దరు పెట్టొద్దని బావనే అంటుండె గద." తువ్వాల మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "అది గూడ సాకే తియ్యి. పొద్దు వాలుతుండె, చెట్లెక్కాలె. బావ మాటే నిజమనుకుంటె పని జల్ది ఒడుస్తదనుకున్న. చెయ్యి పోయినంక ఏ మొకం పెట్టుకొని చెప్పాలె? ఎర్కుండి దిగిన్నంటె నన్నే పిచ్చోడంటరు. మామ మంచోడు, మామ మంచోడు అని మీరంటుంటిరి. గట్లనే ఊకున్న."

నాకు కోపం వచ్చింది, దాచుకోను. చేయి పోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నేననుకోలేదు. మా బాపు ఇన్నేళ్ళు అంకెలను చూసి భయపడ్డాడు. ఈయన చాయ్ అమ్ముకుంటూ ఊరుకున్నాడు. గిలాస ముట్టకుండా లేచి రోడ్డు మీదికి వచ్చేశాను. వెనక షట్టర్ దించిన చప్పుడైంది. మామ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం ఒకే బస్సెక్కాం, వేరువేరు సీట్లలో కూర్చున్నాం.

ఇంటికి పోయేసరికి బాపు వాకిట్లో నులక మంచానికి తాడు బిగిస్తున్నాడు. అవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పండగ కాని రోజున తమ్ముణ్ణి చూసి అవ్వ లేచి నిలబడింది. మామ కూర్చోలేదు.

"బావా, నేను ఎనిమిదే ఇన్న" అన్నాడు.

ఏ ఎనిమిది అని బాపు అడగలేదు. తాడు చేతిలో అట్లాగే ఉంది. మామ హోటల్లో నాతో చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. చెట్లెక్కే తొందర సంగతి కూడా దాచలేదు. నేను గుట్ట సంగతి చెప్పాను. బాపు తాడు విసిరికొట్టాడు.

"ఇన్నేండ్లు మీ అక్క మొకం సూడలేక సచ్చిన్రా! ఒక్క మాట, ఒక్కటంటె ఒక్క మాట నీ నోట్లకెల్లి రాలేదా?"

"నువ్వు పెద్దోనివి బావా."

"పెద్దోని చెవులు గుట్ట పాలైనయి. చిన్నోని కాళ్ళు చెప్తుంటె నోరు మూసుకుంటవా?"

అప్పుడు అవ్వ అందుకుంది. చింతపండు చేట కింద పడేసి ఇద్దరినీ కలిపి కడిగేసింది. "నోరుండి మూగోళ్ళయిన్రు ఇద్దరికిద్దరు! ఈయన లెక్కపెట్టడు, గాయన నోరిప్పడు. నడుమ నేను బస్తాలు లెక్కపెట్టుకుంట ముసలిదాన్నయిన!" తిట్టి తిట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బాపు కింద పడ్డ చేట తీసి గడప పక్కన పెట్టాడు. తర్వాత కొట్టంలోకి పోయి మూలనున్న సమ్మెట తీసుకుని వచ్చాడు.

"పా" అన్నాడు మామతో. "బాయికాడికి."

ట్రాలీ ఆటోలో దౌల్తాబాద్ దిక్కు పోయాం. ఎండ ఇంకా ఉంది. గుట్ట అట్లాగే ఉంది. బాపు నిలబడే మట్టిదిబ్బ చదునైపోయి తంగేడు మొలిచింది. బావి మాత్రం గుర్తుపట్టలేకపోయాం. కాలువలు వచ్చాక ఆ దిక్కంతా ఊటలు పెరిగాయి, బావి నిండా నీళ్ళు. మామ వేళ్ళు పోయిన అడుగు ఎక్కడో కింద ఉంది, పైన ఆకాశం కనిపిస్తోంది. బాపు కాసేపు ఆ నీళ్ళలోకి చూశాడు. తర్వాత దిబ్బ దిక్కు పోకుండా, మామ ఆనాడు కూర్చున్న పరుపుబండ దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడిచాడు. మామ కూడా విడిచాడు.

"కొట్టు బిడ్డా" అని సమ్మెట నా చేతికిచ్చాడు.

నాలుగడుగులు పక్కకు పోయి ఆ బండ మీదే సమ్మెట ఎత్తాను. "లెక్క ఎవరు పెడ్తరు?" అని అడిగాను.

"నువ్వే పెట్టు బావా" అన్నాడు మామ.

బాపు తల అడ్డంగా ఊపాడు. "ఇద్దరం పెడ్దాం" అన్నాడు.

సమ్మెట దించాను. "లాభం" అన్నారు ఇద్దరూ. బాపు గొంతు చిన్నప్పుడు నేను విన్నంత గట్టిగా లేదు. రెండు దగ్గర కుదురుకుంది. మూడు, నాలుగు. ఐదు దగ్గరికి వచ్చేసరికి బర్లను తోలుకుపోతున్న మనిషి ఆగి మమ్మల్ని చూస్తున్నాడు. నా భుజాలు లాగేస్తున్నాయి. ఆరు, ఏడు. "ఎనిమిది" అన్నారు, నేను సమ్మెట దింపి నిలబడ్డాను. గుట్ట నుంచి ఇంకొకటి ఖణేలుమని వచ్చింది. వాళ్ళిద్దరూ దాన్ని లెక్కపెట్టలేదు.

బండ దిగడానికి బాపు ఆసరాకోసం చేయి చాచాడు. మామ కుడిచేయి ఇవ్వబోయాడు. బాపు ఎడమచేయి పట్టుకున్నాడు.